మొదటి మాత్రకే వాంతులయ్యాయా?

ప్రశ్న: మా తమ్ముడు మూడేళ్లుగా హెరాయిన్‌కు బానిస. డాక్టరు నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్రలు రాశారు. మొదటిది వేసుకున్న గంటలోపే వాంతులు, వణుకు, ఒళ్లునొప్పులు. ఈ మందు పడలేదు, ఇక ముట్టనంటున్నాడు. అసలు ఒక మత్తు మానడానికి ఇంకో మత్తు ఏమిటి? ఎన్నాళ్లు వాడాలి?

జవాబు: మందు పడకపోవడం కాదు, చాలావరకు వేళ కుదరలేదు. చివరిసారి హెరాయిన్ ఎప్పుడు తీసుకున్నాడో నిలదీయకుండా అడగండి. హెరాయిన్ మెదడులో ఏ గ్రాహకాలను, అంటే మందు అతుక్కునే చోట్లను, పట్టుకుంటుందో బుప్రెనార్ఫిన్ కూడా వాటినే, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే ఉన్న హెరాయిన్‌ను గెంటేసి ఆ చోట కూర్చుంటుంది. కానీ హెరాయిన్ చేసే పనిలో కొంతే చేస్తుంది. హెరాయిన్ మానితే రెండు రోజుల్లో మెల్లగా రావలసిన బాధంతా గంటలో మీదపడేది ఇందుకే.

హెరాయిన్ తరువాత కనీసం 12 గంటలు ఆగాలి. మెథడోన్ (హెరాయిన్ మాన్పించడానికే ఇచ్చే, ఎక్కువసేపు పనిచేసే మరో మందు) వాడుతున్నవారైతే 24 నుంచి 72 గంటలు. గడియారమొక్కటే చాలదు. ఆవలింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, కంటిపాపలు పెద్దవి కావడం వంటి మత్తు దిగుతున్న గుర్తులు కనబడ్డాకే మొదటి మోతాదు, 2 లేదా 4 మిల్లీగ్రాములు. బాధ తగ్గకపోతే గంటా రెండు గంటలకు మళ్లీ కొంత. మొదటిరోజు సాధారణంగా 8 దాకా వెళతారు, తరువాత చాలామందికి 16 దగ్గర కుదురుతుంది. జరిగినది డాక్టరుకు చెప్పి, ఆయన చూస్తుండగా మళ్లీ మొదలుపెట్టించండి.

మాత్ర చేదు, మింగేయబుద్ధవుతుంది. మింగితే చాలాభాగం కాలేయంలోనే విరిగిపోతుంది, పని చేయదు. నోరు తడిచేసుకుని నాలుక కింద పెట్టి, కరిగేదాకా, అంటే 5 నుంచి 10 నిమిషాలు, మాట్లాడకూడదు. తరువాత నీళ్లు పుక్కిలించి మింగాలి. బ్రష్ గంట ఆగి చేసుకోవాలి, లేకపోతే పళ్లు పాడవుతాయి.

ఇంకో మత్తు అనే మాటలో సగం నిజముంది: శరీరం దీనికీ అలవాటు పడుతుంది, హఠాత్తుగా ఆపితే బాధ తప్పదు. కానీ మోతాదు కుదిరాక మత్తు ఎక్కదు, రోజంతా సరుకు కోసం పరుగుండదు. ఒక హద్దు దాటాక ఎంత పెంచినా శ్వాస మీద ప్రభావం అంతగా పెరగదు. అయితే మద్యం, ఆల్ప్రజోలం వంటి నిద్రమాత్రలు కలిస్తే ఆ రక్షణ పోతుంది.

ఎన్నాళ్లంటే వారాల లెక్క కాదు, నెలలు, చాలామందికి ఏళ్లు. తొందరపడి మాన్పించకండి. మానాక పాత తట్టుకునే శక్తి పోతుంది, మళ్లీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగవచ్చు. ఆపేటప్పుడు డాక్టరు నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. హెరాయిన్ ఎక్కువై ఊపిరి ఆగుతుంటే దాని ప్రభావాన్ని విరిచే నాలోక్సోన్ ముక్కు స్ప్రే దొరికితే ఇంట్లో ఉంచండి. మాత్రలు తాళం వేసిన పెట్టెలో పెట్టండి, పసిపిల్లలకు ఒక్కటి చాలు ప్రాణాల మీదకు రావడానికి.