మాత్ర వేసుకుంటున్నా మంట తగ్గట్లేదా? వేసుకునే టైం చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. రెండేళ్లుగా ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. రాత్రి పడుకున్నాక నోట్లోకి పుల్లటి నీళ్లు ఎగదన్ని దగ్గుతో లేచి కూర్చుంటున్నా, పొద్దునకి గొంతు బొంగురు. మెడికల్ షాపులో అడిగి పాంటాప్రజోల్ 40 తెచ్చుకుని మంట వచ్చినప్పుడల్లా, ఎక్కువగా రాత్రి తిన్నాక వేసుకుంటున్నా. పెద్దగా తగ్గట్లేదు, మానేస్తే ఇంకా ఎక్కువవుతోంది. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నా. ఇది కేన్సర్ అవుతుందా? ఈ మాత్రలతో కిడ్నీలు పోతాయంటున్నారు, నిజమేనా?

జవాబు: మీరు చెప్పినవన్నీ చూస్తే యాసిడ్ రిఫ్లక్స్ లాగే ఉంది. చాలామంది కడుపులో యాసిడ్ ఎక్కువ తయారవడం వల్లే ఇది వస్తుందనుకుంటారు, కానీ ఎక్కువ మందిలో యాసిడ్ మామూలుగానే ఉంటుంది, అది ఉండాల్సిన చోట ఉండకపోవడమే సమస్య. అన్నవాహిక కడుపులో కలిసే చోట ఒక కండరం ఉంటుంది, మింగినప్పుడు తెరుచుకుని వెంటనే మూసుకోవాలి, అది అవసరం లేనప్పుడు కూడా వదులైపోతే యాసిడ్ పైకి వస్తుంది. కడుపు గోడకి ఉన్న రక్షణ పొర అన్నవాహికకి లేదు, అందుకే అంత మంట. పొట్ట దగ్గర బరువు పెరగడం, సిగరెట్, మద్యం, గర్భం, కడుపు పైభాగం ఛాతీలోకి జారే హయటస్ హెర్నియా, ఇవన్నీ ఆ కండరాన్ని దెబ్బతీసేవే. ఆమ్లోడిపిన్ కూడా కొందరిలో దాన్ని వదులు చేస్తుంది. అలాగని మీ అంతట మీరు బీపీ మాత్ర ఆపకండి, రాసిన డాక్టర్‌కి ఈ సంగతి చెప్పి వేరేది మార్చొచ్చా అని అడగండి.

ఇప్పుడు అసలు విషయం. మీ మాత్ర మంచిదే, వేసుకునే పద్ధతే తప్పు. యాసిడ్ తయారు చేసే కణాల్లో చిన్న చిన్న పంపులుంటాయి, పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి పని చేస్తున్న పంపుల్నే ఆపగలవు, నిద్రపోతున్న పంపు జోలికి పోవు. మనం తినడం మొదలుపెట్టగానే పంపులు లేస్తాయి, అప్పటికే మందు రక్తంలో ఉండాలి. పైగా అది రక్తంలో ఉండేది కొన్ని గంటలే. అందుకని పరగడుపున వేసుకుని 30 నుంచి 60 నిమిషాల తర్వాత టిఫిన్ తినాలి. భోజనం అయ్యాక, మంట మొదలయ్యాక వేసుకుంటే దాని బలం చాలావరకు వృథా. మీకు రాత్రి బాధ ఎక్కువ కాబట్టి డాక్టర్ రాత్రి భోజనానికి ముందు వేసుకోమనొచ్చు, అది అడిగి చేయండి. ఇంకో మాట, మొదటి రోజే పూర్తి గుణం కనపడదు, నాలుగైదు రోజులు పడుతుంది, రోజూ తప్పకుండా 8 వారాలు వాడితేగానీ ఇది పని చేస్తోందో లేదో తేల్చలేం. అప్పటికప్పుడు మంట తగ్గాలంటే యాంటాసిడ్ సిరప్ చాలు, దాని పని కాసేపే.

మానేస్తే ఎక్కువవుతోంది అన్నారు కదా, రోజూ కొన్ని వారాలు వాడి ఒక్కసారిగా ఆపితే కడుపు కొన్నాళ్లు మామూలు కంటే ఎక్కువ యాసిడ్ వదులుతుంది, దాన్ని చూసి జబ్బు ముదిరింది అని భయపడతారు. డోసు మెల్లగా తగ్గించుకుంటూ ఆపితే ఈ గొడవ తక్కువ. కిడ్నీల సంగతి: అరుదుగా కొందరికి ఈ మందుల వల్ల కిడ్నీలో వాపు వస్తుంది, ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కిడ్నీ సమస్యలు కొంచెం ఎక్కువ కనిపించాయి గానీ మాత్ర వల్లేనని తేలలేదు. చాలా కాలం వాడితే బీ12, మెగ్నీషియం తగ్గొచ్చు. అవసరం ఉన్నవాళ్లు భయపడి మానేయకూడదు, అవసరం లేనివాళ్లు అలవాటుగా మింగకూడదు, నేను చెప్పేది అంతే.

మాత్ర యాసిడ్‌ని తగ్గిస్తుందిగానీ పైకి ఎగదన్నడాన్ని ఆపదు. రాత్రి దగ్గు తగ్గాలంటే పడుకునే 3 గంటల ముందే తినడం ముగించండి, మంచం తల వైపు కాళ్ల కింద 6 నుంచి 8 అంగుళాల చెక్క దిమ్మెలు పెట్టండి. దిండ్లు పేరిస్తే పొట్ట మడతపడి ఇంకా ఒత్తిడి పెరుగుతుంది. ఎడమ వైపు తిరిగి పడుకోండి. బరువు ఎక్కువుంటే తగ్గితే వచ్చే తేడా చాలా పెద్దది, దీన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. కాఫీ, చాక్లెట్, వేపుళ్లు అందరూ మానేయాలని లేదు, మీకు ఏది పడట్లేదో అది మానండి.

కేన్సర్ భయం గురించి. ఏళ్ల తరబడి రిఫ్లక్స్ ఉంటే అన్నవాహిక పుండు పడొచ్చు, మచ్చ కట్టి ఇరుకవ్వొచ్చు, కొద్దిమందిలో లోపలి పొర మారిపోతుంది, దాన్ని బారెట్స్ అంటారు. ఆ మార్పు వచ్చినా కణాలు ఇంకా చెడిపోనివాళ్లలో ఏడాదికి 100 మందిలో ఒకరికి కూడా కేన్సర్ రాదు. 8 వారాలు పద్ధతిగా వాడినా తగ్గకపోతే ఎండోస్కోపీ చేయించుకోండి. అందులో ఏమీ కనపడకపోతే అన్నవాహికలోకి యాసిడ్ ఎంత వస్తోందో కొలిచే 24 గంటల పీహెచ్ పరీక్ష ఉంది. మందులతో కుదరనివాళ్లకి ఫండోప్లికేషన్ అనే ఆపరేషన్, కడుపు పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ చుట్టి ఆ కండరాన్ని బిగిస్తారు. మీరింకా అక్కడిదాకా రాలేదు. ఒకటి మాత్రం మర్చిపోకండి, ఛాతీలో బరువుగా నొక్కినట్టుండి చెయ్యి, దవడ లాగుతూ చెమటలు పడితే దాన్ని గ్యాస్ అనుకోకుండా వెంటనే ఈసీజీకి వెళ్లండి.

ప్రశ్న: మా నాన్నగారికి 63. ఎన్నో ఏళ్లు మంటకి సిరప్ తాగేవారు, ఈ మధ్య మంట దానంతటదే తగ్గింది. కానీ మూడు నెలలుగా ముద్ద మింగితే ఛాతీ మధ్యలో ఆగినట్టుంటోంది, నీళ్లు తాగితే దిగుతోంది. బరువు కూడా తగ్గారు. మంట లేదుగా, కొన్నాళ్లు చూద్దామా?

జవాబు: వద్దమ్మా, చూడకండి. మింగడం కష్టమవడం, బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎండోస్కోపీ ఆలస్యం చేయకూడదు. మంట తగ్గిందని ఊరట పడొద్దు, లోపలి పొర మారినప్పుడు కూడా మంట తెలియడం తగ్గొచ్చు. మచ్చ కట్టి ఇరుకైంది మాత్రమే అయితే బెలూన్‌తో వెడల్పు చేస్తారు, చాలామంది మళ్లీ మామూలుగా తినగలుగుతారు. కేన్సర్ కాదని బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేస్తేనే తెలుస్తుంది, ఒకవేళ అదే అయినా ఎంత ముందు తెలిస్తే అంత మేలు. ఈ వారంలోనే గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. అప్పటిదాకా మెత్తగా, చిన్న ముద్దలుగా పెట్టండి. ఉమ్మి కూడా దిగట్లేదంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.