పెద్ద అలల్లో కైట్‌సర్ఫింగ్: వేగం అదుపు తప్పుతోంది, బోర్డు మార్చితే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ బరువు 78 కిలోలు. మీటరున్నర అలల్లో కైట్‌సర్ఫింగ్, అంటే గాలిలో ఎగిరే పెద్ద కైట్ లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీటిపై జారడం, హాయిగా ఆడుతున్నారు. మూడు మీటర్ల అల మీదికి వచ్చేసరికి మాత్రం బోర్డు దడదడలాడుతోంది, తోక పట్టు వదిలేస్తోంది, వేగం తగ్గిద్దామని గాలికి ఎదురుగా అంచు నొక్కితే అల వెనక్కి జారిపోతున్నారు. ఇప్పుడున్న బోర్డు పొడవు 5 అడుగుల 3 అంగుళాలు, వెడల్పు 19.5 అంగుళాలు, అడుగు దాదాపు చదును. ఇంకా చిన్నది తీసుకోవాలా, పెద్దది తీసుకోవాలా అని అడిగారు.

ఇప్పుడున్న దానికంటే పొడవైనది, సన్ననిది తీసుకోండి. కానీ అంతకంటే ముందు అల మీద ఉన్నప్పుడు కైట్ లాగుడు తీసేయడం నేర్చుకోండి. అది రాకుండా బోర్డు ఒక్కటే మారిస్తే ఇదే ఇబ్బంది కొత్త బోర్డు మీద కూడా ఉంటుంది, కాకపోతే ఇంకొంచెం ఎక్కువ వేగంలో.

ఎందుకు చెబుతున్నానంటే, అల మీద మీకు వేగం రెండు చోట్ల నుంచి వస్తుంది. మొదటిది అలదే. తీరం దగ్గర అల వేగం దాని కింద నీటి లోతు మీద ఆధారపడుతుంది. పెద్ద అల ఇంకా లోతుగా ఉన్న చోటే విరగడం మొదలుపెడుతుంది కాబట్టి వేగంగా వస్తుంది. మూడు మీటర్ల అల విరిగేటప్పుడు గంటకు సుమారు 25 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. ఎత్తు రెట్టింపైతే వేగం 1.4 రెట్లు పెరుగుతుంది, అంటే ఆరు మీటర్ల అలకు 35 కిలోమీటర్ల దాకా. పైగా మీరు అలతో పాటు తిన్నగా ఒడ్డుకు రారు, విరుగుతున్న నురగకు ముందు ఏటవాలుగా పరిగెత్తుతారు. ఆ దారి 45 డిగ్రీల్లో ఉంటే మూడు మీటర్ల అల మీదే మీ వేగం 35 కిలోమీటర్లు అవుతుంది. 2017లో పోర్చుగల్‌లోని నజరేలో నూనో ఫిగేరెడో 19 మీటర్ల అలను కైట్‌తో ఎక్కి గిన్నిస్ రికార్డు సాధించాడు. ఇదే లెక్కన అక్కడ అల వేగమే గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది.

ఈ వేగాన్ని మీరు తగ్గించలేరు. తగ్గిస్తే అల మిమ్మల్ని దాటి వెళ్లిపోతుంది, లేదా మీ నెత్తిన విరుగుతుంది. దీన్ని ఒప్పుకుని, తట్టుకునే బోర్డు ఎంచుకోవాల్సిందే.

రెండో వేగం కైట్ ఇచ్చేది. దాన్ని మాత్రం దాదాపు మొత్తం తీసేయవచ్చు. కైట్ లాగుడు అది చూసే గాలి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 18 నాట్ల గాలి అంటే గంటకు 33 కిలోమీటర్లు. గాలికి అడ్డంగా మీరూ అంతే వేగంతో పోతున్నారనుకోండి, కైట్‌కు తగిలే గాలి 1.4 రెట్లు అవుతుంది, లాగుడు రెట్టింపవుతుంది. మీరేమీ చేయకుండానే, బార్ (కైట్‌ను నడపడానికి చేతిలో పట్టుకునే కడ్డీ) ఒక్క అంగుళం కూడా లోపలికి లాక్కోకుండానే ఇది జరుగుతుంది. అల వేగం ఇచ్చింది, ఆ వేగం కైట్‌కు బలం ఇచ్చింది, ఆ బలం మళ్లీ వేగం ఇస్తోంది. మీటరున్నర అలలో ఈ చక్రం చిన్నది కాబట్టి తెలియలేదు. వాలులో తనంతట తనే దిగుతున్న బండిని ఎవరో ముందు నుంచి తాడేసి లాగుతున్నట్టు ఉంటుంది మీ పరిస్థితి. చక్రాలు మార్చే ముందు ఆ తాడు వదులు చేయాలి.

ఇక మీరు వేస్తున్న బ్రేక్ గురించి. చదును నీళ్లలో మనందరికీ మొదట నేర్పేది అదే, లాగుడు ఎక్కువైతే గాలికి ఎదురుగా అంచు నొక్కి నిలబడమని. ట్విన్‌టిప్ మీద, అంటే రెండు కొసలూ ఒకేలా ఉండే బోర్డు మీద, అది సరైన పనే. అల మీద అదే పని చేస్తే లైన్లు, అంటే కైట్ తాళ్లు, ఇంకా బిగుస్తాయి, కైట్‌కు ఇంకా బలం వస్తుంది, మీరు అల ముఖం వదిలి వెనక్కి పోతారు. లేదా ఫిన్లు (బోర్డు అడుగున ఉండే చిన్న రెక్కలు) ఒక్కసారిగా పట్టు వదిలి, మళ్లీ ఒక్కసారిగా పట్టుకుంటాయి. ఆ రెండోది ప్రమాదం. వేగంలో బోర్డు అడ్డంగా జారి మళ్లీ పట్టుకుందంటే మనిషి బోర్డు మీదుగా ఎగిరి పడతాడు.

నేను చేసేది, నా పక్కన పెద్ద అలల్లో నిలకడగా ఆడేవాళ్లు చేయగా చూసింది చెబుతాను.

అల ఎక్కకముందే ట్రిమ్, అంటే కైట్ లాగుడు సర్దుబాటు, సరిచూసుకోండి. డీపవర్ పట్టీని (కైట్ బలం తగ్గించే పట్టీని) ఎంత లాగాలంటే, చేయి సౌకర్యంగా చాచిన దూరంలో బార్ ఉన్నప్పుడు కైట్ దాదాపు లాగకూడదు, అయినా తిప్పితే తిరగాలి. ఈ రెండో సగం చాలామంది మర్చిపోతారు. బార్ పూర్తిగా వదిలేస్తే వెనక లైన్లు మరీ వదులై కైట్ మాట వినదు. అప్పుడు భయంతో బార్ గబుక్కున లాక్కుంటారు, దాంతో ఒక్క గుంజు గుంజుతుంది. లైన్లలో కాస్త బిగువు ఉండేలా, లాగుడు మాత్రం లేకుండా ఉండే ఆ చోటు ఎక్కడుందో చేతికి తెలియాలి. అది ఒడ్డున తెలుసుకునే విషయం కాదు. చిన్న అలల్లో, కళ్లు కైట్ మీద పెట్టకుండా, చేతితోనే గుర్తుపట్టేదాకా సాధన చేయాలి.

కైట్‌ను కాస్త ఎత్తులో పెట్టండి, గడియారం లెక్కలో, నడినెత్తి 12 అనుకుంటే, 11 లేదా 1 దగ్గర, మీరు వెళ్లే వైపు. కిందికి దించి ఊపితే అది బలం పుట్టిస్తుంది. నడినెత్తిన పెట్టి బార్ లాగితే మిమ్మల్ని పైకి లేపుతుంది. అందుకే కొంచెం పక్కకు, కొంచెం ముందుకు, బార్ బయటికి. కింది మలుపు తీసుకునేటప్పుడు ముందు కైట్ తిప్పండి, అది తిరగడం మొదలయ్యాక బోర్డు తిప్పండి. ఆలస్యంగా తిప్పితే మీరొక వైపు, కైట్ ఇంకో వైపు అయిపోయి సరిగ్గా మలుపు మధ్యలో గుంజు పడుతుంది.

బోర్డు వేగం తగ్గించడానికి మీ చేతిలో ఉన్న మంచి సాధనం అలే. ముఖం మీద పైకి ఎక్కితే వేగం తగ్గుతుంది, కిందికి దిగితే పెరుగుతుంది. కైట్ వదులుగా ఉంటే పైకి ఎక్కి మలుపు కొట్టి మళ్లీ దిగవచ్చు. కైట్ లాగుతూ ఉంటే అది మిమ్మల్ని ఒకే గీతలో సాగదీస్తుంది, ఎక్కనివ్వదు. మీరు చెప్పిన "తిన్నగా దూసుకుపోతోంది, తిప్పలేకపోతున్నాను" అన్న మాటకు కారణం నా దృష్టిలో ఇదే. మోకాళ్లు వంచి, వెనక కాలితో మెల్లగా తోక నొక్కుతూ పెద్ద గుండ్రటి మలుపులు తీసుకోండి. చిన్న అలలో తీసుకునే చురుకైన మలుపు ఇక్కడ పనికిరాదు.

గాలి దిశ కూడా లెక్కలోకి తీసుకోండి. ఒడ్డు వైపు వీచే గాలిలో అల మిమ్మల్ని కైట్ వైపే తోస్తుంది. గాలి సెకనుకు 9 మీటర్లు, మీరు దాంతో పాటు 7 మీటర్లు పోతుంటే కైట్‌కు మిగిలేది 2 మీటర్ల గాలే. లాగుడు ఉండదు సరే, కైటే పడిపోయే అవకాశం ఉంటుంది. ఒడ్డు పక్కగా కొంచెం సముద్రం వైపు వీచే గాలిలో అల ముఖం శుభ్రంగా ఉంటుంది, లైన్లు బిగువుగా ఉంటాయి, కానీ పెద్ద అల తన వెనక వైపుకు గాలి రాకుండా కొంతవరకు ఆపేస్తుంది. అడుగున గాలి తక్కువ, అంచు దగ్గరికి రాగానే ఒక్కసారిగా ఎక్కువ. ఈ గాలిలో ఏదైనా తెగితే సముద్రంలోకే కొట్టుకుపోతారు కాబట్టి రక్షణ పడవ లేనిచోట నేను దిగను.

ఇక బోర్డు. పెద్ద అలల కోసం చేసే పడవల్లాంటి పొడవైన సర్ఫ్‌బోర్డులు చేతులతో నీళ్లు తోసుకుంటూ అల అందుకోవడానికి పుట్టినవి. 1990ల మొదట్లో హవాయిలో సర్ఫర్ లెయిర్డ్ హామిల్టన్ లాంటివాళ్లు మోటారు పడవతో, తర్వాత జెట్ స్కీతో లాగించుకుని అల ఎక్కడం మొదలుపెట్టాక బోర్డులు చిన్నవీ సన్ననివీ అయ్యాయి, కాళ్లకు స్ట్రాప్‌లు వచ్చాయి. మిమ్మల్ని కైట్ అల మీదికి తీసుకెళుతుంది కాబట్టి మీకూ ఆ తర్కమే వర్తిస్తుంది. తేలడానికి వాల్యూమ్ (బోర్డు ఘనపరిమాణం) పెద్దగా అక్కర్లేదు. వేగంలో పట్టు కావాలి.

మీ బోర్డుతో అసలు ఇబ్బంది వెడల్పు. వెడల్పైన తోక వేగం పెరిగేకొద్దీ నీటి మీదికి లేస్తుంది. చిన్న అలలో అది వరం, బలం లేని అలలో కూడా బోర్డును పరిగెత్తిస్తుంది. పెద్ద అలలో ఆ లేవడమే పట్టు పోవడానికి కారణం. మీ బరువుకు నేనైతే 5 అడుగుల 10 అంగుళాల నుంచి 6 అడుగుల మధ్య పొడవు, 18 అంగుళాల దరిదాపుల్లో వెడల్పు, 22 నుంచి 25 లీటర్ల వాల్యూమ్ చూస్తాను. తోక సన్నగా గుండ్రంగా ముగిసేది ఉండాలి. రాకర్, అంటే ముందూ వెనకా పైకి తిరిగిన వంపు, మీ ఇప్పటి బోర్డు కంటే స్పష్టంగా ఎక్కువ ఉండాలి. చదునుగా ఉన్న బోర్డు నిటారు ముఖం మీద దిగేటప్పుడు ముక్కు గుచ్చుకుంటుంది. వంపు వల్ల కాస్త వేగం పోతుంది, పోనివ్వండి, మీకు కావాల్సిందీ అదే. అడుగు భాగంలో తోక దగ్గర కొద్దిగా వి ఆకారం ఉంటే ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మారడం తేలికవుతుంది, గతుకుల మీద దెబ్బ తగ్గుతుంది.

బరువు గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం అది ముఖ్యం. దుకాణంలో చేత్తో ఎత్తి చూసి తేలిగ్గా ఉంటే మెచ్చుకుంటాం. గాలికి గరుకుగా మారిన పెద్ద అల ముఖం మీద మరీ తేలికైన, గట్టి కార్బన్ బోర్డు గలగలా ఎగురుతుంది. కొంచెం బరువున్నది గతుకులను కోసుకుంటూ పోతుంది. మీ దడదడలో కొంత భాగం దీనివల్లే కావచ్చు.

మూడు ఫిన్ల అమరికతో మొదలుపెట్టండి, ఇప్పుడు వాడుతున్న వాటికంటే ఒక సైజు పెద్దవి. బోర్డు కొనే ముందే మీ పాత బోర్డుకు పెద్ద ఫిన్లు బిగించి చూడవచ్చు, ఖర్చు తక్కువ, తేడా వెంటనే తెలుస్తుంది.

స్ట్రాప్‌లు పెట్టుకోవాలా అన్నారు. తలెత్తు అలల దాకా లేకుండా ఆడటం నాకూ ఇష్టమే. అంతకు మించితే పెట్టుకోండి. పాదం సగం దాకా వెళ్లి, పడ్డప్పుడు తనంతట తనే బయటికి వచ్చేలా వదులుగా బిగించండి. ట్విన్‌టిప్‌తో పెద్ద అలలు వద్దు. కైట్ లాగుతుంటేనే అది నీటి మీద నిలుస్తుంది, లాగుడు తీసేస్తే మునుగుతుంది. పైన చెప్పిన పద్ధతి మొత్తానికి అది విరుద్ధం. ఫాయిల్ (నీటి కింది రెక్కతో పైకి లేచే బోర్డు) కూడా ఇప్పుడు వద్దు, వేగం పెరిగితే దాని ఎత్తుడు వర్గంలో పెరుగుతుంది.

కైట్ సైజు తగ్గించమని చాలామంది చెబుతారు. ఒక సైజు తగ్గించండి, రెండు తగ్గించకండి. నురగ దాటి బయటికి వెళ్లడానికి, వెనక వస్తున్న అల నుంచి తప్పుకోవడానికి అదే మీ ఇంజిన్. మంచి డీపవర్ ఉన్న, లైన్లు వదులైనా పడిపోకుండా గాలితో పాటు జరిగే మూడు స్ట్రట్‌ల (గాలి నింపిన అడ్డ గొట్టాల) కైట్ అయితే సైజు గురించి అంత దిగులు అక్కర్లేదు.

బోర్డుకు లీష్ (బోర్డును మీకు కలిపే తాడు) కట్టకండి. సాగి వెనక్కి వచ్చిన బోర్డు తలకు తగులుతుంది. హెల్మెట్, తేలే చొక్కా, లైన్లు కోసే కత్తి పెట్టుకోండి. కైట్ అలలు విరిగే చోట పడితే వెంటనే క్విక్ రిలీజ్ (కైట్ బలాన్ని ఒక్కసారిగా తీసేసే అత్యవసర పిడి) లాగండి. అప్పటికీ అల దాన్ని ఈడ్చుకుపోతుంటే కైట్‌ను మీకు కలిపి ఉంచే సేఫ్టీ లీష్ కూడా వదిలేయండి. ఒక ఘనపు మీటరు నీరు టన్ను బరువు. నీళ్లు నిండిన కైట్‌ను చేతులతో ఆపగలిగే మనిషి లేడు. లైన్ల నుంచి దూరంగా ఈదండి. వరసలో మొదటి అల ఎక్కకుండా చివరివాటిలో ఒకటి ఎక్కితే, పడ్డా మీ మీదికి వచ్చేవి తక్కువ ఉంటాయి.

ముందు పాత బోర్డుతోనే, రెండు మీటర్ల అలల్లో, కొత్త ట్రిమ్‌తో కొన్నాళ్లు ఆడి చూడండి. బార్ బయట ఉంచి అల ముఖం మీద పైకి ఎక్కి దిగగలుగుతున్నారా లేదా గమనించండి. అది వచ్చాక కూడా తోక జారుతుంటే అప్పుడు బోర్డు కొనండి. మీ లైన్ల పొడవు, కైట్ సైజు, మీ దగ్గర గాలి ఒడ్డుకు ఏ కోణంలో వీస్తుందో రాస్తే ట్రిమ్ గురించి ఇంకా వివరంగా చెబుతాను.