ఎలుకల బోనులు చేస్తుందని నలుగురికి ఎలా చెప్పుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచీ డిజైన్ అంటే ఇష్టం. యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్లకు సులువుగా ఉండేలా డిజైన్ చేసే పని) కోర్సు చేయించి, ఎమ్మెస్‌కు అమెరికా పంపుదామనుకున్నాం. ఇంతలో బాలానగర్‌లో ల్యాబ్ జంతువులకు కేజ్‌లు, ర్యాక్‌లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేసింది. వాళ్లు ఉద్యోగం ఇస్తామనేసరికి అక్కడే చేరతానని పట్టుబట్టింది. ఎలుకలకు, కుందేళ్లకు బోనులు చేయడం కూడా ఒక కెరీరేనా? పైగా మూగజీవాల ఉసురు తగిలే పని. బంధువులు అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. నాకు రిటైర్మెంట్ మూడేళ్లే ఉంది. యూఎక్స్‌నూ ఈ పనినీ పక్కపక్కన పెట్టి ఏది మంచిదో చెప్పండి. - ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఈ ప్రశ్న నాకు కొత్త కాదండీ. కోర్సు పేరు ఒక్కటే మారుతుంటుంది. ఒకాయన కొడుకు కృత్రిమ కాళ్లు తయారుచేసే పనిలో చేరతానన్నాడు, ఇంకొకావిడ కూతురు చేపల మేత ఫ్యాక్టరీలో చేరతానంది. ఉత్తరాలన్నిటి చివరా ఇదే వాక్యం: 'బంధువులు అడిగితే ఏం చెప్పాలి?' మీ అసలు బాధ కూడా అక్కడే ఉందని నాకనిపిస్తోంది. జీతం గురించి మీరు ఒక్క ముక్క కూడా అడగలేదు. ఇంకో విషయం. ఇంత ఉత్తరంలో మీ అమ్మాయి ఆ షెడ్డులో రోజంతా ఏం చేసిందో ఎక్కడా రాయలేదు. మీరు అడిగి ఉండరు. అడక్కుండానే వద్దంటున్నారు. అందుకే ముందు ఆ పనేమిటో చెబుతాను.

రెండేళ్ల క్రితం ఒక విద్యార్థి ప్రాజెక్టు కోసం అతనితో పాటు ప్రయోగాల జంతువులను ఉంచే ఒక యానిమల్ హౌస్‌కు వెళ్లాను. గౌను, మాస్కు, తలకు టోపీ, కాళ్లకు తొడుగులు వేసుకున్నాకే లోపలికి రానిచ్చారు. చెప్పుల పెట్టె అంత పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలు, పైన స్టీలు కమ్మీల మూత, ఆ మూతలోనే ఒక పక్క మేత, ఒక పక్క నీళ్ల సీసా. చూస్తే ఇందులో డిజైన్ చేయడానికి ఏముంది అనిపిస్తుంది. అక్కడ పనిచేసే అతను ఒక సీసా తీసి తలకిందులు చేసి చూపించాడు. దాని స్టీలు గొట్టంలో గాలి బుడగ ఇరుక్కుంటే నీళ్లు రావు, సీసా నిండుగానే కనిపిస్తుంది, లోపల ఎలుక దాహంతో అల్లాడుతుంది. గొట్టం సరిగ్గా బిగియకపోతే రాత్రికి రాత్రి సీసా మొత్తం డబ్బాలోకి కారుతుంది. అడుగున పరిచిన పొట్టు తడిసి, చిట్టెలుకలు చలికి చనిపోతాయి. ఆ చిన్న రంధ్రం ఎంత జాగ్రత్తగా చేశారన్న దాని మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

డబ్బా లోపలి మూలలు చూడండి, గుండ్రంగా ఉంటాయి. అందం కోసం కాదు. ఎలుకకు పన్ను ఆనించడానికి అంచు దొరికితే చాలు, ప్లాస్టిక్‌ను కొరికి బయటపడుతుంది. మూత కమ్మీల మధ్య సందు కాస్త ఎక్కువైతే పిల్ల ఎలుకలు దూరిపోతాయి. ఇక ప్లాస్టిక్ సంగతి. క్రిములను చంపే ఆటోక్లేవ్ యంత్రంలో 121 డిగ్రీల ఆవిరికి మళ్లీ మళ్లీ తట్టుకోవాలి. పాలికార్బనేట్ కొన్నాళ్లకు మసకబారి పగుళ్లిస్తుంది. పాలిసల్ఫోన్ నిలుస్తుంది కానీ ఖరీదు. పాలీప్రొపిలీన్ చవక, కానీ లోపల ఎలుక ఎలా ఉందో స్పష్టంగా కనిపించదు. ఏది ఎంచుకున్నా ఇంకోటి వదులుకోవాల్సిందే.

గాలి ఇంకా కష్టం. ఐవీసీ ర్యాక్‌లని ఉంటాయి, ప్రతి డబ్బాకూ సన్నని దుమ్మును, క్రిములను ఆపే హెపా ఫిల్టర్ గుండా వచ్చే గాలి విడిగా అందుతుంది, గంటకు 50 నుంచి 70 సార్లు లోపలి గాలి మొత్తం మారుతుంది. ఎలుకల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా వాసన పోవాలంటే గాలి బాగా ఆడాలి. అలాగని విసురుగా తగిలితే ఎలుకకు చలి. అమెరికా వాళ్ల ప్రామాణిక గైడ్ గదిని 20 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంచమంటుంది. చిట్టెలుక వంటికి హాయిగా ఉండేదేమో 30 డిగ్రీల దగ్గర. గౌన్లు తొడుక్కుని పనిచేసే మనుషులు 30 డిగ్రీల్లో నిలబడలేరు. కాబట్టి ఎలుక తన వెచ్చదనం తాను కట్టుకునేలా గూటికి కాగితపు పీలికలు ఇవ్వాలి, గాలి ఆ గూటికి నేరుగా తగలకుండా పైనుంచే పోవాలి. మీ అమ్మాయి నాలుగేళ్లు చదివిన ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ మొత్తం ఆ చెప్పుల పెట్టెలో ఉన్నాయండీ.

కేజ్ బాగాలేకపోతే సైన్సే తప్పుతుంది. 1998లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ప్యాట్రీషియా హంట్ అనే జన్యుశాస్త్రవేత్త ల్యాబ్‌లో ఆడ చిట్టెలుకల అండాలను పరీక్షిస్తున్నారు. అప్పటిదాకా నూటికి ఒకటి రెండు అండాల్లో కనిపించే క్రోమోజోముల లోపం ఉన్నట్టుండి నూటికి 40కి చేరింది. మందేమీ ఇవ్వని ఎలుకల్లోనే! వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, నేల కడిగే ఘాటైన ద్రావణంతో ఎవరో పొరపాటున పాలికార్బనేట్ కేజ్‌లు, నీళ్ల సీసాలు కడిగారు. ప్లాస్టిక్ చెడి అందులోంచి బీపీఏ అనే రసాయనం ఊరింది. 2003లో ఆ వివరాలు ప్రచురించారు. ఈ రోజు పాల సీసాల మీద 'బీపీఏ ఫ్రీ' అని చూసుకుని కొంటున్నామే, ఆ జాగ్రత్త వెనక ఉన్న పరిశోధనల్లో ఈ ఎలుకల డబ్బా కథ ఒకటి.

ఇప్పుడు ఉసురు మాట. మీరు ఈ మాట అన్నందుకు నాకు మీ మీద గౌరవమే కలిగింది. జంతువుల మీద ప్రయోగాలు ఉండాలా వద్దా అన్నది నిజంగా పెద్ద ప్రశ్న, దాన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లంటే నాకు భయం. మన దేశంలో 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద దీనికి జాతీయ కమిటీ ఉంది, ప్రతి సంస్థలో ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఎలుకను కూడా ప్రయోగానికి తీసుకోకూడదు. కానీ ఆలోచించండి. ప్రయోగం జరిగేది రోజులో కొన్ని నిమిషాలు. మిగతా 23 గంటలూ ఆ జీవి బతికేది కేజ్‌లో. ఆ బతుకు ఎలా ఉండాలో నిర్ణయించేది దాన్ని డిజైన్ చేసిన మనిషి. ఒకప్పుడు అడుగున ఉత్త కమ్మీలే ఉండేవి, శుభ్రం చేయడం సులువని. వాటి మీద నిలబడీ నిలబడీ పాదాలు పుండ్లు పడేవి. కుందేలుకు వెనక కాళ్ల మీద నిలబడేంత ఎత్తు, ఒక్క గెంతు గెంతేంత చోటు లేకపోతే ఎముకలు పెళుసు బారతాయి. 2010లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక చిన్న విషయం చూపించారు: చిట్టెలుకను తోక పట్టి ఎత్తడం మానేసి ఒక గొట్టంలోకి ఎక్కించుకుని తీస్తే దాని బెదురు బాగా తగ్గుతుంది. ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క, అంతే. అలాంటి గొట్టం గీయగల పిల్ల మీ ఇంట్లో ఉంది. జీవాల మీద జాలి ఉన్నవాళ్లు ఈ పనిలోకి రాకపోతే, లేనివాళ్లు చేస్తారు.

యూఎక్స్ గురించి నా అనుమానాలు నేను దాచుకోను. డిజైన్ అనగానే ఇప్పుడు అందరూ యూఎక్స్ అంటున్నారు. అమీర్‌పేటలో ఒకప్పుడు జావా బోర్డులు ఉన్నచోట ఇప్పుడు ఆ బోర్డులున్నాయి. ఆర్నెల్లలో డిజైనర్‌ని చేస్తామంటారు. నా దగ్గరికి వచ్చే పిల్లలు ల్యాప్‌టాప్ తెరిచి పోర్ట్‌ఫోలియో చూపిస్తారు. ఫుడ్ డెలివరీ యాప్‌ను కొత్తగా గీసింది ఒకటి, మెడిటేషన్ యాప్ ఒకటి, ఊహించుకున్న బ్యాంకు యాప్ ఒకటి. పదిమందివి పక్కన పెడితే ఏది ఎవరిదో వాళ్లే పోల్చుకోలేరు. 'దీన్ని ఎవరైనా నిజంగా వాడారా, వాడినప్పుడు ఎక్కడ తడబడ్డారు?' అని అడిగితే మౌనం. 2022, 23లలో పెద్ద కంపెనీలు మనుషులను తీసేసినప్పుడు డిజైన్ టీములు కూడా చిక్కిపోయాయి. ఇప్పుడు మామూలు స్క్రీన్లు ఏఐ టూల్స్ నిమిషంలో గీసిచ్చేస్తున్నాయి. మొదటి మెట్టు ఉద్యోగాల్లో చేసే పనే అది. పైమెట్లు బాగానే ఉన్నాయి, అక్కడ మంచి జీతాలు ఉన్నాయి, నాకు తెలిసిన పిల్లలే అక్కడ హాయిగా ఉన్నారు. కానీ వాళ్లు ఏదో ఒక రంగాన్ని లోతుగా తెలుసుకుని ఎక్కారు: ఆసుపత్రులో, బ్యాంకింగో, కార్లో. ఏ రంగమూ తెలియకుండా ఉత్త 'యూఎక్స్' తెలిసిన పిల్లలు ఏడాదిగా ఇళ్లలో కూర్చుని ఉన్నారు. వాళ్ల నాన్నలు కూడా నాకు ఉత్తరాలు రాస్తారు. వాటిల్లో బంధువుల ప్రస్తావన ఉండదు, అప్పు ప్రస్తావన ఉంటుంది.

మీ అమ్మాయి ఆ షెడ్డులో చేసినది కూడా వాడేవాళ్ల గురించిన డిజైనే. రోజుకు వందల డబ్బాలు ఎత్తి దించే మనిషి మణికట్టు ఒక వైపు, మాట్లాడలేని జంతువు ఒక వైపు. రేపు యూఎక్స్‌లోకే వెళ్లినా, చూపించడానికి ఆమె చేతిలో నిజమైన వస్తువు ఉంటుంది.

అలాగని ఈ దారి అంతా పూలబాట అని చెప్పను. మార్కెట్ చిన్నది. ఇటలీలో టెక్నిప్లాస్ట్, అమెరికాలో అలెన్‌టౌన్ లాంటి కంపెనీలు ప్రపంచమంతా అమ్ముతున్నాయి, మన పెద్ద ల్యాబ్‌లు కూడా విదేశీ ర్యాక్‌లు కొంటుంటాయి. చిన్న కంపెనీలో మొదటి జీతం తక్కువే ఉంటుంది, నేర్పేవాళ్లు ఒకరిద్దరే ఉంటారు. ఇంకా ముఖ్యం, జంతువుల వాడకం తగ్గించే దిశగా లోకం కదులుతోంది, అది మంచిదే. 2014లో మన దేశం సౌందర్య సాధనాల పరీక్షల్లో జంతువులను నిషేధించింది. 2022 చివర్లో అమెరికా తన చట్టం మార్చి, కొత్త మందుకు జంతు పరీక్ష తప్పనిసరి అన్న షరతు తీసేసింది. 2023లో మన కొత్త మందుల నిబంధనల్లోనూ జంతువులు లేని పరీక్షలకు చోటిచ్చారు. రేపే యానిమల్ హౌస్‌లు మూతపడవు, టీకాలకు, మందులకు ఇంకా చాలాకాలం అవసరం ఉంటుంది. కానీ ముప్పై ఏళ్ల ఉద్యోగం అక్కడే అని మాత్రం నేను చెప్పను.

అందుకే నా మాట ఇది: రెండేళ్లు చేరనివ్వండి. ఆ రెండేళ్లలో ప్లాస్టిక్ మౌల్డు, స్టీలు షీటు పని, గాలి లెక్క, శుభ్రత నిబంధనలు చేతికి వస్తాయి. ఇవి తెలిసినవాళ్లు దుమ్ము చొరబడని క్లీన్‌రూమ్‌ల పరికరాలు, వైద్య పరికరాలు, ఫార్మా యంత్రాల వైపు ఎటైనా వెళ్లొచ్చు. బాలానగర్‌లోనే పనిముట్లు, అచ్చుల డిజైన్ నేర్పే ప్రభుత్వ సంస్థ సీఐటీడీ ఉంది, చర్లపల్లిలో, మీకు దగ్గరలో విజయవాడ పక్కన సూరంపల్లిలో ప్లాస్టిక్ పని నేర్పే ప్రభుత్వ సంస్థ సిపెట్ ఉంది. మౌల్డుల మీద వాళ్ల కోర్సు ఏదైనా ఉద్యోగంతో పాటు కుదురుతుందేమో కనుక్కోమనండి. తర్వాత ఎండెస్ (డిజైన్‌లో పీజీ) చేస్తానంటే ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. ఎమ్మెస్ కూడా అప్పుడు చేయొచ్చు, అమెరికా ఎక్కడికీ పోదు. హెచ్-1బీ మీద 2025 సెప్టెంబరులో పెట్టిన లక్ష డాలర్ల రుసుము గొడవ ఎటు తేలుతుందో కూడా ఈలోగా తెలుస్తుంది. రిటైర్మెంట్‌కు మూడేళ్ల ముందు ఇంటి మీద అప్పు తెచ్చి ఇష్టం లేని కోర్సుకు పంపడం కంటే, ఆ పిల్ల సంపాదిస్తూ నేర్చుకోవడం మీకే నిశ్చింత. మీరు అడిగిన పోలిక ఇంతకంటే గీతలు గీసి చెప్పలేను. ఎక్కడ నిలదొక్కుకుంటుందనేది కోర్సు పేరు కంటే పిల్ల పట్టుదల మీదే ఎక్కువ ఉంది, పట్టుదల ఉందని మీ ఉత్తరమే చెబుతోంది. టెన్షన్ పడకండి.

బంధువులకు 'ల్యాబ్ పరికరాలు డిజైన్ చేస్తుంది' అని చెప్పండి, అబద్ధమేమీ కాదు. కానీ నామోషీ పడుతూ చెప్పకండి, ఆమె పక్కనే ఉంటుంది, వింటుంది. ఒక ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు ఒక కేజ్ తెమ్మనండి. భోజనాల బల్ల మీద పెట్టి, ఈ మూల ఇలా ఎందుకు చేశావమ్మా అని అడగండి. తర్వాత మీరు ఎక్కువ మాట్లాడాల్సిన పని ఉండదు.

అమ్మాయికి నా తరఫున ఒక్కమాట చెప్పండి. అమ్మా, నువ్వు గీసిన కేజ్‌ను ఇప్పటిదాకా పగలే చూసి ఉంటావు, పగలు ఎలుకలు నిద్రపోతుంటాయి. అక్కడ 12 గంటల వెలుతురు, 12 గంటల చీకటి. ఏదైనా యానిమల్ హౌస్ వెటర్నరీ డాక్టర్‌ను అడిగి చీకటి వేళలో ఒక గంట కూర్చోనివ్వమను. మసక ఎర్ర దీపం పెడతారు, ఆ ఎరుపు వాటి కంటికి సరిగ్గా ఆనదు. ఎక్కడ కొరుకుతున్నాయో, ఏ మూలను పడక చేసుకుని ఏ మూలను దొడ్డిగా వాడుకుంటున్నాయో, ఎటు నుంచి గాలి తగిలితే గూడు జరుపుకుంటున్నాయో రాసుకో. ఆ ముందు రోజుల్లో వేరే యానిమల్ హౌస్‌కు వెళ్లి ఉంటే మాత్రం ఆ మాట వాళ్లకు ముందే చెప్పు, రోగాలు అంటుతాయని కొన్ని రోజులు ఆగి రమ్మంటారు.