కోనాకి వస్తున్నారుగా, ముందు గాలి సంగతి వినండి

అమ్మాయ్, మా హవాయి ద్వీపంలోనే కైలువా కోనాలో ఇల్లు కుదిరిందన్నావు, సంతోషం. బుజ్జిగాడికి పిల్లికూతలు ఉన్నాయి కాబట్టి సోఫాలు మంచాలు తర్వాత, ముందు గాలి గురించి చెప్తా.

కిలావేయా అగ్నిపర్వతం మీకు ద్వీపానికి అటుపక్క ఉంది, దాని లావా మీ దాకా రాదు, పొగ మాత్రం వస్తుంది. దాన్నే ఇక్కడ వాగ్ అంటారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఈశాన్యం నుంచి ట్రేడ్ విండ్స్ వీస్తాయి, అవి పొగని పహాలా, ఓషన్ వ్యూ ఊళ్ళ మీదుగా నైరుతికి తోసేస్తే అది ద్వీపం కొస చుట్టు తిరిగి కోనా దగ్గర తేలుతుంది, ఇక అక్కడ పగలు సముద్రపు గాలి ఒడ్డుకి తోస్తుంది రాత్రి కొండగాలి వెనక్కి తోస్తుంది, అంతే, అక్కడక్కడే తిరుగుతూ ఉంటుంది. అగ్నిపర్వతానికి దగ్గరున్న హిలోలో మేం హాయిగా ఉంటాం, దూరంగా ఉన్న మీరు దగ్గుతారు, ఇదేం న్యాయమో మరి! చలికాలంలో గాలి దక్షిణానికి తిరిగితే అప్పుడు మా వంతు, ఒక్కోసారి హోనోలులు దాకా పోతుంది.

అసలు విషయం ఇది, జాగ్రత్తగా చదువు. బిలం దగ్గర వచ్చేది సల్ఫర్ డయాక్సైడ్ గ్యాస్, కాల్చిన అగ్గిపుల్ల వాసన. దారిలో ఎండా తేమా తగిలి అది సన్నటి సల్ఫేట్ కణాలుగా మారిపోతుంది, మీ ఊరు చేరేసరికి ఎక్కువగా కణాలే. కాబట్టి వాసన రాలేదు కదా అని కిటికీలు బార్లా తెరవకు, కొండ మసకగా ఉందంటే వాగ్ ఉన్నట్టే. ఆరోగ్య శాఖ మానిటర్ల లెక్కలు ఆన్‌లైన్‌లో వస్తాయి, నువ్వు పీఎం 2.5, అంటే సన్నటి కణాల లెక్క చూసుకో. హెపా ఫిల్టర్ ఉన్న ప్యూరిఫైయర్ ఒకటి కొని బుజ్జిగాడు పడుకునే గదిలో పెట్టు, అది కణాల్ని బాగానే పడుతుంది. ఎన్95 మాస్క్ కూడా కణాలకే, గ్యాస్‌ని ఆపదు, పైగా చిన్నపిల్లల మొహానికి సరిగ్గా అతకదు. అందుకే వాల్కనో పార్కుకి వెళ్ళాలని సరదా పడితే ముందు సల్ఫర్ డయాక్సైడ్ రీడింగ్ చూడండి, అక్కడ నిమిషాల్లో మారిపోతుంది.

2024 డిసెంబర్‌లో మొదలైన ఎరప్షన్ తీరు ఎలాగంటే, కాసేపు లావా చిమ్మడం, కొన్నాళ్ళు ఆగడం, మళ్ళీ చిమ్మడం. చిమ్మే రోజున గ్యాస్ రోజుకి 50,000 టన్నులు దాటుతుంది, ఆగినప్పుడు అందులో చిన్న వంతే. వార్తల్లో లావా ఫౌంటెన్ అని వినగానే తర్వాత రెండు మూడు రోజులు పిల్లాడిని బయట పరిగెత్తించకు.

తర్వాత ఎప్పుడైనా ఈ ద్వీపంలోనే పూనా, కావూ జిల్లాల వైపు ఇల్లు మారితే అక్కడ చాలామంది కప్పు మీద పడే వాన నీళ్ళే ట్యాంకుకి పట్టుకుంటారు, వాన ఆమ్లంగా ఉంటే పాత రేకులూ పైపుల టంకాల్లోంచి సీసం దిగుతుంది, టెస్ట్ చేయించకుండా తాగొద్దు.

అల్లుడుగారికి చెప్పు, మసకగా ఉన్న రోజు కారు ఏసీ రీసర్క్యులేషన్‌లో పెట్టమని. ఇన్‌హేలర్లు, డాక్టర్ రాసిచ్చిన ప్లాన్ కాగితం చేతి బ్యాగ్‌లోనే పెట్టుకో, చెకిన్ సూట్‌కేసులో వద్దు. ఫ్లైట్ టైము పంపు, బాబాయి కారేసుకుని వస్తారు.

మీ పిన్ని