‘ఏలియన్ 3’ని ఇష్టంగా చూడగలమా?

హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్ సినిమా ‘ఏలియన్స్’ను ప్రాణంగా ప్రేమించినవాళ్లు దాని తరువాతి భాగాన్ని ఆస్వాదించగలరా అన్నది ప్రశ్న. తప్పకుండా ఆస్వాదించగలరు. కానీ అభిమానుల కోపానికి బలమైన కారణమే ఉంది.

1986 నాటి ‘ఏలియన్స్’లో న్యూట్ అనే చిన్నపిల్లను కాపాడటానికి కథానాయిక రిప్లీ ప్రాణాలకు తెగిస్తుంది. 1992లో వచ్చిన ‘ఏలియన్ 3’ మొదట్లోనే ఆ పిల్లా, సైనికుడు హిక్స్ చనిపోతారు. ఆ పోరాటమంతా బూడిదలో పోసిన పన్నీరైందని అనిపించడం సహజం.

అయితే ఆ చావులను కథ తేలిగ్గా దాటేయదు. అంత్యక్రియల సన్నివేశమే చూడండి. జైలు గ్రహంలో ఖైదీ డిలన్ మృతుల కోసం ప్రార్థనలా మాట్లాడుతుంటాడు, రిప్లీ కళ్లలో నీళ్లు, అదే సమయంలో మరోచోట మనుషుల్ని చంపే గ్రహాంతర జీవి ఒకటి కొత్తగా పుడుతుంటుంది. దుఃఖాన్ని ఇంత నేరుగా చూపిన సైన్స్ ఫిక్షన్ సినిమాలు అరుదు. ముందుది యుద్ధ కథ, ఇది శోకం కథ. యుద్ధం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే నిరాశ తప్పదు.

ఏ ప్రతి చూస్తున్నారన్నదీ ముఖ్యమే. 2003లో డీవీడీలో వచ్చిన ‘అసెంబ్లీ కట్’ అనే ప్రతి, థియేటర్ ప్రతికంటే దాదాపు అరగంట పెద్దది. ఖైదీలు ఆ జీవిని బంధించడం, గోలిక్ అనే ఖైదీ దాన్ని వదిలేయడం అందులోనే ఉన్నాయి. థియేటర్ ప్రతిలో గోలిక్ ఉన్నట్టుండి మాయమైపోతాడు. కొన్ని గ్రాఫిక్స్ ఇప్పటికీ నాసిగానే కనిపిస్తాయి. అయినా మొదటిసారి చూసేవాళ్లకు నేను ఈ పెద్ద ప్రతినే సూచిస్తాను.