కంప్యూటర్ సందేహాలు: లిస్టులో 64 ఎంబీ, డ్రైవ్‌లో 70 జీబీ

ప్రశ్న: సి డ్రైవ్ ఎర్రగా మారింది. ఏదో ఒక గేమ్ తీసేద్దామని సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి సైజు వారీగా పేర్చాను. నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పెద్దదైన 70 జీబీ గేమ్ 64 ఎంబీ అంటూ అడుగున ఉంది! ఇంకో రెండు గేమ్‌ల పక్కన అసలు అంకే లేదు. వైరస్ పనా?
– డిగ్రీ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: వైరస్ కాదు. ఆ లిస్టులో కనిపించేది సాధారణంగా విండోస్ కొలిచి చెప్పే అంకె కాదు, గేమ్‌ను ఎక్కించిన రోజున ఇన్‌స్టాలర్ రాసిపెట్టి వెళ్లిన అంకె. బియ్యం బస్తా మీద అచ్చేసిన తూకం లాంటిది, కాటా మీద పెట్టి చూసింది కాదు. విండోస్ తన సెట్టింగ్స్ రాసుకునే రిజిస్ట్రీలో ప్రతి ప్రోగ్రామ్‌కూ ఒక పద్దు ఉంటుంది. అందులో ‘ఎస్టిమేటెడ్‌సైజ్’ అనే గడిలో ఉన్నదాన్నే విండోస్ చదివి చూపిస్తుంది. గేమ్ ఆ తర్వాత ఎంత పెరిగినా ఆ గడి దానంతటది మారదు.

ఇప్పటి పెద్ద గేమ్‌లు చాలావరకు రెండు విడతల్లో దిగుతాయి. మొదట గేమ్‌ను దించి నడిపించే చిన్న లాంచర్, దాని సైజే పద్దులోకి ఎక్కుతుంది. మీ 64 ఎంబీ అదే అయి ఉంటుంది. అసలు గేమ్‌ను లాంచర్ తర్వాత తెచ్చుకుంటుంది, కానీ పద్దు తిరగరాయదు. ఆపైన వచ్చే అప్‌డేట్లు, అదనపు మ్యాపులు, మోడ్‌లు (గేమ్‌కు ఆటగాళ్లు చేసిపెట్టే మార్పులు) కూడా లెక్కకు రావు. స్టీమ్‌లో (గేమ్‌లు కొని దించుకునే యాప్) పెట్టుకున్న గేమ్‌లకైతే ఆ గడి చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. మీకు అంకె కనిపించని రెండూ అలాంటివేనేమో చూడండి.

నిజమైన సైజు కావాలంటే గేమ్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. స్టీమ్ గేమ్‌లు ‘స్టీమ్‌యాప్స్’ లోపలి ‘కామన్’ ఫోల్డర్లో ఉంటాయి. స్టీమ్ లైబ్రరీలో గేమ్ పేరు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్ అని వెళ్లినా అంకె కనిపిస్తుంది. ‘స్టీమ్‌యాప్స్’లోనే గేమ్‌కొకటి చొప్పున ‘యాప్‌మ్యానిఫెస్ట్’తో మొదలయ్యే చిన్న ఫైళ్లుంటాయి. ఒకదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ‘సైజ్‌ఆన్‌డిస్క్’ అన్న వరుస దొరుకుతుంది. అది బైట్లలో ఉంటుంది, 1,073,741,824తో భాగిస్తే జీబీ వస్తుంది. చూడండి గానీ అందులో ఏమీ దిద్దొద్దు.

ఇక్కడితో లెక్క పూర్తికాదు. స్టీమ్ వర్క్‌షాప్ నుంచి తెచ్చుకున్న మోడ్‌లు ‘కామన్’లో కాక పక్కనున్న ‘వర్క్‌షాప్’ ఫోల్డర్లో, షేడర్లు (బొమ్మలు గీయడానికి వాడే చిన్న ప్రోగ్రామ్‌లు) ‘షేడర్‌క్యాష్’లో చేరతాయి. సేవ్ ఫైళ్లు గేమ్‌ను బట్టి డాక్యుమెంట్స్‌లోని ‘మై గేమ్స్’లోనో, ‘సేవ్డ్ గేమ్స్’లోనో, ‘యాప్‌డేటా’లోనో ఉంటాయి. చివరిది దాచిన ఫోల్డర్. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్ పెడితేనే కంటపడుతుంది. ఒక్కొక్కటీ వెతకడం విసుగనిపిస్తే విన్‌డిర్‌స్టాట్ వేసుకోండి. డ్రైవ్ మొత్తం చూసి ఏ ఫోల్డర్ ఎంత తింటోందో బొమ్మ గీసి చూపిస్తుంది.

ప్రశ్న: మాకు సరిగ్గా తిరగబడింది. పిల్లలు ఆడుకునే చిన్న గేమ్, ఫోల్డర్ సైజు 40 ఎంబీ. లిస్టులో మాత్రం 40 జీబీ అంటోంది. సరిచేయడం ఎలా?
– నెట్ సెంటర్ నిర్వాహకుడు, రాయగడ

జవాబు: రిజిస్ట్రీలోని ‘ఎస్టిమేటెడ్‌సైజ్’ గడిలో అంకె కేబీలలో ఉండాలి. గేమ్ తయారుచేసినవారు బైట్లలో రాసినట్టున్నారు. 40 ఎంబీ అంటే 41,943,040 బైట్లు. ఆ అంకెనే కేబీలనుకుని చదివితే సరిగ్గా 40 జీబీ అవుతుంది. అంకె అంతే ఉండి ఎంబీ కాస్తా జీబీ అయిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

సరిచేయాలంటే అడ్మిన్ ఖాతాతో లాగిన్ అయి, విండోస్ కీ, ‘ఆర్’ కలిపి నొక్కి ‘రెజ్‌ఎడిట్’ అని కొట్టండి. హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, అన్‌ఇన్‌స్టాల్ వరకు దిగండి. 32 బిట్ గేమ్ అయితే సాఫ్ట్‌వేర్ తర్వాత ‘వావ్6432నోడ్’లోకి వెళ్లి, అక్కణ్ణుంచి అదే దారి పట్టాలి. రెండు చోట్లా లేకపోతే హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద చూడండి. కీల (ఎడమవైపు ఫోల్డర్లలా కనిపించేవి) పేర్లు గజిబిజిగా ఉంటాయి కాబట్టి కుడివైపు ‘డిస్‌ప్లేనేమ్’ చూసి గేమ్‌ను గుర్తుపట్టాలి. దొరికాక ముందు ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి పక్కన పెట్టుకోండి. ఆ తర్వాతే ‘ఎస్టిమేటెడ్‌సైజ్’ మీద డబుల్ క్లిక్ చేసి, డెసిమల్ ఎంచుకుని 40,960 రాయండి (కామా లేకుండా). డెసిమల్ మరిచిపోతే హెక్సాగా తీసుకుని ఇంకో తప్పు అంకె చూపిస్తుంది. గేమ్ అప్‌డేట్ అయితే ఇన్‌స్టాలర్ మళ్లీ పాత తప్పే రాయొచ్చు. నన్నడిగితే, ఒక్క సిస్టమ్‌లో అంకె కోసం ఇంత శ్రమ దండగ.

ప్రశ్న: గేమ్ ఫోల్డర్ మొత్తం డిలీట్ కొట్టాను. లిస్టులో ఇంకా 72 జీబీ అనే ఉంది. డ్రైవ్‌లో ఖాళీ కూడా పెరగలేదు.
– పాఠకుడు, సిరొంచ

జవాబు: ఇవి రెండు వేర్వేరు సంగతులు. ఖాళీ పెరగలేదంటే ఫైళ్లు రీసైకిల్ బిన్‌లో ఉన్నట్టే, ముందు అది ఖాళీ చేయండి. ఫోల్డర్ పోయినా రిజిస్ట్రీ పద్దు పోదు, అందుకే 72 జీబీ అలాగే ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్ తెరిచి ఆ పేరు మీద అన్‌ఇన్‌స్టాల్ నొక్కండి. ఇది ఇప్పటికే తొలగిపోయి ఉండవచ్చు, లిస్టు నుంచి తీసేయమంటారా అని అడిగితే యెస్ అనండి. అలా అడగకుండా ఎర్రర్ ఇస్తే, పై జవాబులో చెప్పిన చోట ఆ గేమ్ కీ ఒక్కదాన్నే ఎక్స్‌పోర్ట్ చేసుకుని డిలీట్ చేయాలి. పక్క కీ జోలికి పోవద్దు.

ప్రశ్న: గుణుపురంలో నెట్ నత్తనడక. అందుకని బరంపురంలో మిత్రుడి దగ్గర నా స్టీమ్ గేమ్‌ను మోడ్‌లతో సహా ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాను. వాడి సిస్టమ్‌లో 31 జీబీ ఆక్రమిస్తే నా డ్రైవ్‌లో 40 దాటింది. ఫైళ్లు రెండేసి పడ్డాయా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, గుణుపురం

జవాబు: పడలేదు. ప్రాపర్టీస్‌లో రెండు వరుసలుంటాయి: ‘సైజ్’, ‘సైజ్ ఆన్ డిస్క్’. మొదటిది రెండు చోట్లా ఒకటే అయితే కాపీ సరిగానే వచ్చింది. మీ డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే ఒక పద్ధతి) అయి ఉంటుంది. 32 జీబీ దాటిన డ్రైవ్‌ను విండోస్ ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే, మనం మార్చకపోతే ఫైళ్లకు జాగా ఇచ్చే ఒక్కో గడి (క్లస్టర్) 128 కేబీ. విండోస్ సి డ్రైవ్‌కు వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో మామూలుగా 4 కేబీ. ఫైలు ఎంత చిన్నదైనా గడి మొత్తం దానిదే. 2 కేబీ ఫైళ్లు లక్ష ఉంటే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 390 ఎంబీ, ఎక్స్‌ఫ్యాట్‌లో 12 జీబీ పైచిలుకు. మోడ్‌లలో ఇలాంటి చిల్లర ఫైళ్లే ఎక్కువ. అన్నీ కలిపి ఒక్క జిప్‌గా చేసి తెచ్చుకుంటే ఈ నష్టం ఉండదు, కాపీ కూడా తొందరగా అవుతుంది.

ఇంటికొచ్చాక గేమ్ ఫోల్డర్‌ను అదే పేరుతో ‘కామన్’లో పెట్టి, స్టీమ్‌లో ఇన్‌స్టాల్ నొక్కండి. ఉన్న ఫైళ్లను సరిచూసుకుని, తక్కువైనవే దించుకుంటుంది.

ప్రశ్న: అప్‌డేట్ 300 ఎంబీ అంటుంది, 50 జీబీ ఖాళీ లేదని ఆగిపోతుంది. ఏమిటీ లెక్క?
– పాఠకురాలు, ధర్మాబాద్

జవాబు: 300 ఎంబీ నెట్ నుంచి దిగేది. కొన్ని గేమ్‌లు డేటా అంతా ఒకటి రెండు భారీ ఫైళ్లలో కుక్కుతాయి. అందులో చిన్న ముక్క మారినా మొత్తం ఫైలు కొత్త ప్రతి తయారుచేసి, ఆ తర్వాతే పాతది తీసేస్తారు. ఆ కాసేపూ రెండూ డ్రైవ్‌లో ఉండాలి. అంత జాగా లేకపోతే గేమ్‌ను వేరే డ్రైవ్‌కు మార్చండి. స్టీమ్‌లో అయితే ఇన్‌స్టాల్డ్ ఫైల్స్ పేజీలోనే మూవ్ బటన్ ఉంది.