ఎంఐబీ ఫైలు వేసినా అంకెలే కనిపిస్తున్నాయా?

ప్రశ్న: మా కళాశాల సర్వర్ గదికి నెట్‌వర్క్ కార్డు ఉన్న కొత్త యూపీఎస్ వచ్చింది. ఉబుంటు మీద జాబిక్స్ (పరికరాలను గమనించే సాఫ్ట్‌వేర్) నడుపుతున్నాం. కంపెనీ ఇచ్చిన ఎంఐబీ ఫైలును ఫోల్డర్‌లో వేసినా పేర్లకు బదులు చుక్కలతో పొడవాటి అంకెలే వస్తున్నాయి. మాడ్యూల్ పేరు చెప్పి కమాండ్ ఇస్తే ‘దొరకలేదు’ అంటోంది. లోపం ఎక్కడ?
– ఒక పాఠకుడు, ఏలూరు

అంకెలు వస్తున్నాయంటే కష్టమైన భాగం దాటేసినట్టే. యూపీఎస్ జవాబిస్తోంది, ఎస్ఎన్ఎంపీ (నెట్‌వర్క్ పరికరాలను ప్రశ్నించే పద్ధతి) వాడే యూడీపీ 161 పోర్టు తెరిచే ఉంది, కమ్యూనిటీ పేరు (పాస్‌వర్డ్ లాంటి సంకేతపదం) సరిగ్గానే ఉంది. ఎంఐబీ ఫైలు ఆ అంకెలకు అర్థం చెప్పే నిఘంటువు మాత్రమే. పరికరం అసలు పలకనప్పుడు ఎన్ని ఎంఐబీలు ఎక్కించినా ఫలితం ఉండదు. ఈ తేడా తెలియక రోజుల తరబడి ఫైళ్లు మార్చి మార్చి వేసేవాళ్లున్నారు. అందుకే ముందుగా చెబుతున్నాను.

మీ చిక్కు ఉబుంటులో ఉంది. లైసెన్సు కారణాల వల్ల డెబియన్, ఉబుంటులలో ఎస్ఎన్ఎంపీ ప్యాకేజీ ప్రామాణిక ఎంఐబీలు లేకుండానే వస్తుంది. కంపెనీ ఫైలును ఏదైనా టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూడండి. పై భాగంలో ‘ఇంపోర్ట్స్’ కింద అది ఆధారపడిన మాడ్యూళ్ల పేర్లు ఉంటాయి. వాటిలో ఒక్కటి లేకపోయినా ఎర్రర్ వస్తుంది. ‘ఎస్ఎన్ఎంపీ మిబ్స్ డౌన్‌లోడర్’ అనే ప్యాకేజీని ఉబుంటు ప్యాకేజీల విభాగమైన మల్టీవర్స్ నుంచి ఇన్‌స్టాల్ చేస్తే ప్రామాణికమైనవి వచ్చేస్తాయి. తర్వాత ఎస్ఎన్ఎంపీ సెట్టింగుల ఫైలులో ‘మిబ్స్’ అన్న మాట, పక్కన కోలన్ మాత్రమే ఉన్న వరుస కనిపిస్తుంది. ఎంఐబీలు ఎక్కకుండా ఆపుతున్నది అదే. కోలన్ తీసేసి, ప్లస్ గుర్తుతో మీ మాడ్యూల్ పేరు రాయండి. ఫైలు పేరు కాదు, లోపల ‘డెఫినిషన్స్’ అన్న మాటకు ముందు ఉండే పేరు రాయాలి. ఏపీసీ వాళ్ల ఫైలు పేరులో వెర్షన్ సంఖ్య ఉంటుంది, మాడ్యూల్ పేరు మాత్రం ‘పవర్‌నెట్-ఎంఐబీ’.

ఫైలును మీ హోమ్ ఫోల్డర్‌లో పెట్టకండి. జాబిక్స్ వేరే యూజర్ పేరుతో నడుస్తుంది కాబట్టి దానికి అది కనిపించదు. అందరికీ ఉమ్మడిగా ఉండే మిబ్స్ ఫోల్డర్‌లో పెట్టి, జాబిక్స్ సర్వర్‌ను రీస్టార్ట్ చేయండి. ప్రాక్సీ (జాబిక్స్ సర్వర్ తరఫున సమాచారం సేకరించేది) ద్వారా గమనిస్తుంటే ఈ పనులన్నీ ప్రాక్సీ మీదే చేయాలి.

ఇంకో మాట. చాలా యూపీఎస్‌లు 1994లో ఆర్‌ఎఫ్‌సీ 1628 అనే ఇంటర్నెట్ పత్రంగా వెలువడిన ప్రామాణిక యూపీఎస్ ఎంఐబీకి కూడా జవాబిస్తాయి. 1.3.6.1.2.1.33.1.2.3.0 అడిగితే బ్యాటరీ ఇంకా ఎన్ని నిమిషాలు నిలుస్తుందో చెబుతుంది. చివర 3.0 బదులు 5.0 పెడితే బ్యాటరీ వోల్టేజి వస్తుంది, కానీ వోల్టులో పదో వంతు లెక్కన. 540 అని వస్తే 54 వోల్టులు. జాబిక్స్‌లో 0.1తో గుణించేలా పెట్టకపోతే హెచ్చరికలన్నీ తప్పుతాయి. ఈ కొలమానం తెలిసేది ఎంఐబీ చదివితేనే. అందుకే ఫైలును చదవండి, కానీ జాబిక్స్ ఐటమ్‌లో (గమనించే ఒక్కో విలువకు పెట్టే సెట్టింగులో) మాత్రం అంకెల ఓఐడీనే, అంటే చుక్కలతో ఉండే ఆ పొడవాటి సంఖ్యనే రాయమని నా గట్టి సలహా. రేపు సర్వర్ మార్చినప్పుడు ఎంఐబీ ఎక్కించడం మరిచినా గ్రాఫ్ ఆగదు.

ప్రశ్న: పాత నెట్‌వర్క్ స్విచ్‌కు ఎంఐబీ ఎక్కడ దొరుకుతుంది? ఒక సైట్ నుంచి దించుకున్న ఫైలు మొదటి వరుసలోనే తప్పు చూపుతోంది.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

ముందు తయారీదారు ఎవరో తేల్చుకోండి. స్విచ్ ఇచ్చే ఓఐడీలో 1.3.6.1.4.1 తర్వాతి సంఖ్య కంపెనీది. 9 అయితే సిస్కో, 14988 అయితే మైక్రోటిక్. ఈ సంఖ్యలు ఇచ్చేది ఐయానా అనే సంస్థ. ఆ కంపెనీ సపోర్టు పేజీలో మీ మోడల్, ఫర్మ్‌వేర్ వెర్షన్‌కు తగిన ఫైలు వెతకండి.

మొదటి వరుసలోనే తప్పంటే చాలాసార్లు దిగింది ఎంఐబీ కాదు, వెబ్ పేజీ. తెరిస్తే హెచ్‌టీఎంఎల్ ట్యాగులు కనిపిస్తాయి. ఫైలును ఉన్నదున్నట్టు ఇచ్చే ‘రా’ (Raw) బటన్ నొక్కి మళ్లీ దించుకోండి. తప్పు మధ్యలో ఎక్కడో చూపిస్తే పేర్లలో అండర్‌స్కోర్ ఉందేమో చూడండి. నియమాల ప్రకారం అది ఉండకూడదు, అయినా కొన్ని కంపెనీలు వాడతాయి. ఫైలును దిద్దకుండా, కమాండ్‌లో పెద్ద ‘పి’, చిన్న ‘యు’ ఆప్షన్ (-Pu) ఇస్తే సరిపోతుంది.